ఇరవై రెండు పాయింట్ల గాలి

పోర్టు లారీలు కాన్వెంట్ జంక్షన్ దగ్గర మలుపు తిరిగే చోట భీమశంకరరావు పంచర్ షాపు ఉంది. షాపంటే నాలుగు రేకులు, ఒక కంప్రెసరు, ఒక నీళ్ళ తొట్టి, గోడకి చేర్చి పెట్టిన పాత టైర్లు. బోర్డు లేదు. ఎందుకు లేదని అడిగితే, గాలి పోయినవాడు బోర్డులు చదువుకుంటూ కూచోడు, టైరు కనపడితే చాలు ఆగిపోతాడు అంటాడు. ఆ మాట నిజమే. ముప్పై ఏళ్ళలో షాపు ఖాళీగా ఉన్న రోజు చూసినవాళ్ళు లేరు.

మనిషి మంచివాడే గాని ఒక జబ్బు ఉంది. షుగరు కాదు, అది తర్వాత వచ్చింది. లోకంలో ఏది పాడైనా తానే బాగుచెయ్యగలనన్న నమ్మకమే ఆ జబ్బు. ఇంట్లో మిక్సీ, పక్కింటివాళ్ళ గొడుగు, వినాయక చవితి పందిట్లో మైకు, దేన్నీ వదిలిపెట్టలేదు. అన్నీ బాగుపడ్డాయని చెప్పలేం. మైకు ఇప్పటికీ దగ్గుతూనే ఉంటుంది.

ఆ నమ్మకమే చివరికి కాలి మీదికి తెచ్చింది. లారీ టైరుని రిమ్ము నుంచి ఊడదీసేటప్పుడు కుడికాలితో తొక్కిపట్టి రాడ్డు వేస్తాడు. తొక్కీ తొక్కీ బొటనవేలి మొదట్లో ఆనె కాసింది. దీనికి డాక్టరెందుకని, ట్యూబు గీకే ఆకురాయి తీసుకుని ఒక ఆదివారం తీరిగ్గా కూచుని గీకాడు. నొప్పి పుట్టలేదు. నొప్పి లేదు గదా అని ఇంకొంచెం గీకాడు. పదేళ్ళ షుగరుకి పాదంలో స్పర్శ పోయిందన్న సంగతి అప్పటిదాకా అతనికి తెలియదు. భార్య తాయారు వచ్చి గచ్చు మీద నెత్తురు చూసి కేక పెట్టింది.

"ఓలమ్మో! ఏటిది బావా? కాలనుకున్నావా, ట్యూబనుకున్నావా?"

తాయారు అతనికి మేనమామ కూతురు. ఇద్దరిదీ పద్మనాభం దగ్గర పల్లెటూరే. పెళ్ళయి ముప్పై రెండేళ్ళయినా ఆ బావా అన్న పిలుపు మారలేదు, అందులో ఉన్న వెటకారమూ తగ్గలేదు.

ఆ పుండు మానలేదు. ఏడు నెలలు కట్లు కట్టించుకున్నాడు, మందులు మింగాడు, ఇష్టమైన చక్కెరకేళీలు మానేశాడు. మానినట్టే మాని మళ్ళీ నోరు తెరిచేది. దానికి స్లో పంచర్ అని పేరు పెట్టి నలుగురినీ నవ్వించేవాడు. తర్వాత ఒక రోజు సర్జన్‌గారు ఫిల్ములన్నీ వెలుగుకి పెట్టి చూసి, ముందర సగం పాదం తీసేస్తే మిగతా కాలు దక్కుతుందని చెప్పాడు. ఆటోలో ఇంటికి వచ్చేదాకా భీమశంకరరావు అదే లెక్క వేసుకున్నాడు. సగం పాదంతో నడుస్తాడేమో గాని టైరుని తొక్కిపట్టలేడు. తొక్కిపట్టలేనివాడికి లారీ టైరు లొంగదు. పంచరు వెయ్యని భీమశంకరరావు ఎవడో అతనికి తెలియదు, ఆ కొత్తవాడితో ఇంట్లో కలిసి ఉండడమంటే భయమేసింది.

ఇంకొకరికి కూడా చూపిద్దామని పట్టుబట్టింది తాయారే. అలా డాక్టర్ హిమబిందు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ పరీక్షలన్నీ చేయించి, కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది.

"మీ పుండుకి చాలినంత ప్రాణవాయువు అందడం లేదండీ. మా దగ్గర గాజుగొట్టం లాంటి చాంబరు ఉంది. అందులో పడుకోబెట్టి, లోపల ఒత్తిడి పెంచి, అచ్చమైన ఆక్సిజన్ ఇస్తాం. అది రక్తంలో కరిగి పుండు దాకా చేరుతుంది, కొత్త రక్తనాళాలు పుట్టడానికి సాయం చేస్తుంది. అందరికీ గుణమిస్తుందని మాట ఇవ్వను. రోజుకొకటి చొప్పున ఇరవై సిట్టింగులు చూద్దాం. ఇరవయ్యో రోజున కొలుస్తాను. సగానికి తగ్గితే ఇంకో ఇరవై. తగ్గకపోతే మాత్రం సర్జన్‌గారి మాట వినాల్సిందే."

భీమశంకరరావు మొహం ఏడు నెలల తర్వాత మొదటిసారి వెలిగింది. "అంటే, గాలి కొడతారన్నమాట!" అన్నాడు.

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అంతేననుకోండి," అంది.

"మరి ఇన్నాళ్ళూ ఎవలూ సెప్పలేదేటమ్మా? నాను ముప్పై ఏళ్ళ నుంచి అదే పని సేత్తన్నాను గదా!"

మర్నాడే మొదలు. చాంబరు నడిపే వీరేంద్ర నేవీలో సముద్రంలో మునిగే డైవరుగా చేసి బయటికి వచ్చినవాడు. మనిషి కాస్త బండగా ఉంటాడు, మాట మాత్రం మెత్తన. లోపల అంతా ఆక్సిజనే కాబట్టి నిప్పురవ్వకి చోటివ్వకూడదని, నియమాలన్నీ ముందురోజే వేళ్ళు మడిచి చెప్పాడు. తలకి నూనె వద్దు, సెంటు వద్దు, ఉంగరం వద్దు, ఫోను వద్దు, ఒంటి మీద నూలు గౌను తప్ప మరేమీ వద్దు. గ్రీజు చేతులతో వస్తే గుమ్మంలోంచే పంపించేస్తానన్నాడు. ముప్పై ఏళ్ళుగా గ్రీజులోనే బతికిన మనిషి ఆ రాత్రి సర్ఫు వేసి చేతులు మూడుసార్లు కడిగాడు. తాయారు నాలుగోసారి కడిగించింది.

"లోపల ఎన్ని పాయింట్లు కొడతావు బాబూ?" అని అడిగాడు భీమశంకరరావు, మర్నాడు బల్ల మీద పడుకుంటూ. అడిగేది మామూలుగానే అడిగాడు గాని కళ్ళు తలుపు బిగింపు మీదే ఉన్నాయి. లారీ టైరుకి నూట పది పాయింట్లు. అది పేలితే ఏమవుతుందో కళ్ళారా చూసినవాడు. పక్క షాపు పైకప్పు రేకు రోడ్డుకి అవతల దొరికింది.

వీరేంద్ర మనసులో లెక్క కట్టాడు. "మీ గేజి లెక్కలో ఇరవై రెండు బాబాయ్. సముద్రంలో పదిహేను మీటర్లు దిగినట్టు."

"ఇరవై రెండా? అది స్కూటరు ముందు చక్రం గాలి!"

భయం పోయింది, కొంచెం నామోషీ కూడా అనిపించింది. ఇంత ఆస్పత్రి, ఇంత యంత్రం పెట్టుకుని స్కూటరు గాలేనా అనుకున్నాడు. సరే, రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి వెరవడం ఎందుకని కళ్ళు మూసుకున్నాడు. తలుపు బిగిసింది. చెవులు దిబ్బడేస్తే, చెప్పినట్టే ముక్కు పట్టుకుని ఊదాడు, గుటకలు మింగాడు. కాసేపటికి అంతా సర్దుకుంది. అప్పుడు వినపడింది, తల వెనకాల సన్నగా, స్స్స్ మని. ఆ చప్పుడు అతనికి నిద్రలో కూడా తెలుసు. గబగబా గాజు మీద కొట్టాడు.

"ఏమైంది బాబాయ్?" వీరేంద్ర మైకులో అడిగాడు.

"లీకు! యెనక పక్క లీకయిపోతంది! సబ్బునీళ్ళు ఉంటే ఒట్టుకురా!"

వీరేంద్ర నవ్వాపుకోవడానికి మొహం పక్కకి తిప్పుకున్నాడు. లోపలి గాలి తాజాగా ఉండేందుకు తామే కొంచెం కొంచెంగా వదులుతామని సర్ది చెప్పాడు. భీమశంకరరావు ఊరుకున్నాడు గాని నమ్మలేదు. రెండు గంటలూ ఆ చప్పుడు మీదే చెవి పెట్టుకుని పడుకున్నాడు.

ఆ సాయంత్రం తాయారు ఊళ్ళో ఉన్న అన్న శ్రీరామ్మూర్తికి ఫోను చేసి, బావకి ఆస్పత్రిలో గాలి పట్టిస్తున్నారని చెప్పింది. లైను సరిగ్గా లేదు. గాలి పట్టింది అన్నంతవరకే ఆయనకి వినపడింది. ఉత్తరాంధ్రలో గాలి పట్టడమంటే దెయ్యం సోకడమని వేరే చెప్పక్కర్లేదు. తెల్లారేసరికల్లా పద్మనాభం బస్సు దిగి, తొమ్మిది నిమ్మకాయలు, ఒక రాగి తాయెత్తు, కట్ట వేపమండలతో గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, ఏ యేల పట్టింది? మిట్టమజ్జానమా, సందేళా?"

"ఉదయం పదిన్నరకి బావా. రోజూ ఆ టయానికే పడతాది, పన్నెండున్నరకి ఒదిలేత్తాది," అన్నాడు భీమశంకరరావు, మొహం ఏమాత్రం కదపకుండా.

శ్రీరామ్మూర్తి నోరు తెరుచుకుని చెల్లెలి వైపు చూశాడు. తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. రాగి కాబట్టి తాయెత్తు చాంబరులోకి పనికిరాలేదు. నిమ్మకాయలు మాత్రం పులిహోరకి పనికొచ్చాయి.

షాపు మూస్తే వాడుక లారీలవాళ్ళు చెయ్యిజారిపోతారు. అందుకని మొగుడు గాజుగొట్టంలో ఉన్న వేళల్లో తాయారు షాపులో కూచునేది. మొదట గాలి కొట్టడం వరకే అనుకుంది. వారం తిరిగేసరికి స్కూటర్లకీ ఆటోలకీ పంచర్లు వేసేస్తోంది. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, ట్యూబుని తొట్టిలో ముంచి బుడగ పట్టుకుంటే, చుట్టుపక్కల డ్రైవర్లు వచ్చి మరీ చూసేవారు. భీమశంకరరావుకి లోపల గర్వమే. పైకి మాత్రం ప్యాచీ వంకరగా పడింది, సొల్యూషన్ ఎక్కువ పూశావు అని వంకలు పెట్టేవాడు.

పది సిట్టింగులకి పుండు అంచులు గులాబీరంగు తేలాయి. డాక్టరమ్మ స్కేలు పెట్టి చూసి బాగుందంది. ఆ రోజు భీమశంకరరావు దారిలో కనపడిన ప్రతి ఆటోవాడికీ చెప్పుకున్నాడు. పదిహేనో రోజున మళ్ళీ కొలిచారు. మళ్ళీ మొదటికే వచ్చింది. మధ్యలో చిన్న ఎర్రటి చుక్క, అప్పుడే అయిన గాయంలా. డాక్టరమ్మ నుదురు ముడిపడింది. "కాలు నేలమీద మోపుతున్నారా? నేనిచ్చిన మెత్తటి చెప్పులు వేసుకుంటున్నారా?" అని అడిగింది. వేసుకుంటున్నానని కాలు చాపి చూపించాడు. ఆ నల్ల చెప్పులు కొత్త పెళ్ళికొడుకు చెప్పుల్లా మెరుస్తున్నాయి. మరకంటూ లేదు. అది చూసైనా ఆవిడకి అనుమానం రావాల్సింది.

పద్దెనిమిదో సిట్టింగు అయిపోయింది. ఇంకా రెండు. ఇరవయ్యో రోజున కొలత. పుండు తగ్గలేదని అద్దంలో చూసుకుని అతనికే తెలిసిపోతోంది. ఆ మధ్యాహ్నం షాపుకి వచ్చేసరికి వాడుక డ్రైవరు నాగవంశీ ఆటో ఉంది. వెనక చక్రం వాలిపోయి ఉంది.

"పిన్ని నాలుగు రోజుల్లో మూడుసార్లు ఏసింది బాబాయ్," అన్నాడు నాగవంశీ. "ఏసినప్పుడు బానే ఉంటాది. మర్నాటికి మళ్ళీ దిగిపోతంది."

భీమశంకరరావుకి ఎక్కడి కోపమో వచ్చేసింది. కాలి మీది బెంగంతా తాయారు మీదికి మళ్ళింది.

"ఒలే, మూడు ప్యాచీలూ ఒకే కాడ పడ్డాయి. సూడలేదేటి? ట్యూబుకి ఎన్నేత్తే ఏటి లాభం? టైరులో మేకు అలాగే ఉండిపోతే మళ్ళీ గుచ్చీదే గదా! లోపల సెయ్యెట్టి తడమాలని ఎన్నిసార్లు సెప్పేను? పైకి కనపడదే అది, సేతికే తెల్తాది!"

టైరు లోపల అరచెయ్యి పెట్టి మెల్లగా తిప్పాడు. ఒకచోట ఆగింది. పట్టకారుతో లాగి చూపించాడు. గోరంత ఉక్కుతీగ.

తాయారు మామూలుగా అయితే రెండింతలు తిరిగి అనేది. ఆ రోజు మాత్రం ఆ తీగ వంక చూసింది. తర్వాత మొగుడి కాళ్ళ వంక చూసింది. కుడికాలికి కట్టు, కట్టు కింద టైరు చెప్పు.

ఈ చెప్పుల సంగతి చెప్పాలి. భీమశంకరరావు తన చెప్పులు తనే చేసుకుంటాడు, లారీ టైరు కోసి. వెనకటి టైర్లలో నైలాన్ దారమే ఉండేది, చెప్పులకి బంగారం లాంటివి. ఇప్పటివన్నీ రేడియల్, లోపల ఉక్కుతీగ. కిందటేడు నైలాన్ టైరు దొరక్క రేడియల్‌తోనే కోసి, తీగలు సుత్తితో అణగ్గొట్టి, పైన ట్యూబు ముక్క అంటించాడు. తనకంటే బాగా ఎవడంటిస్తాడని ధీమా. డాక్టరమ్మ ఇచ్చినవి షాపులో వేసుకుంటే గ్రీజవుతాయి, గ్రీజయితే వీరేంద్ర గుమ్మం తొక్కనివ్వడు. అందుకని ఆస్పత్రి చెప్పులు ఆస్పత్రికే అని ఇంటి గూట్లో పెట్టి, షాపులో ఇవి వేసుకుంటున్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట, అలాంటి కారణం. కాని తాను నియమం పాటిస్తున్నాననే అతను నిజంగా అనుకున్నాడు.

"బావా, ఆ సెప్పు ఇటియ్యి," అంది తాయారు.

"ఎందుకే?"

"ఇయ్యి ముందు."

చెప్పు లోపల అరచెయ్యి పెట్టి, అతను నేర్పినట్టే మెల్లగా రాసింది. బొటనవేలి దగ్గర చెయ్యి చివుక్కున వెనక్కి లాక్కుంది. వేలి మీద నెత్తురు చుక్క పొడిచింది.

భీమశంకరరావు ఆ చెప్పు అందుకుని తిరగేసి చూశాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఇన్నాళ్ళూ తిరిగాడు. రోజూ రెండు గంటలు గాలి పట్టించుకోవడం, తక్కిన రోజంతా మేకు మీద నిలబడడం. తాయారు కోప్పడుతుందని చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీకు తెలట్లేదు గదా," అంది. "ఇది దిగితే నాకు ప్రాణం ఎగిరిపోయింది. నీకు తెలనే లేదు."

డాక్టరమ్మకి చెప్పడం అన్నింటికంటే కష్టమైపోయింది. చెప్పకపోతే ఇరవయ్యో రోజు కొలత తప్పదు, కొలతలో తగ్గకపోతే పాదం పోతుంది. చెబితే ముప్పై ఏళ్ళ పంచర్ మేస్త్రీ సొంత చెప్పులో మేకు చూసుకోలేకపోయాడని ఒప్పుకోవాలి. రాత్రంతా దొర్లాడు. మర్నాడు చెప్పుని సంచీలో వేసుకుని వెళ్ళి, ఆవిడ బల్ల మీద పెట్టి, కుక్కిన పేనులా నిలబడ్డాడు.

"ఏమిటండీ ఇది?"

"మేకండమ్మా. మీ గాలి మంచిదే. మేకు నాను తియ్యలేదు."

మొత్తం విన్నాక ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. ఎంత కోపమంటే లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. వచ్చాక ఎక్స్‌రే తీయించింది. గుచ్చుకోవడం ఎముక దాకా పోలేదు. అప్పుడు కూచుని, "ఇరవయ్యో రోజు లెక్క కొట్టేస్తున్నాను. ఈ రోజు నుంచి కొత్త ఇరవై," అంది. "మోకాలి కింది దాకా గట్టి కట్టు వేస్తాను, బరువు పుండు మీద పడకుండా. ఇష్టమొచ్చినప్పుడు విప్పుకునే బూటు కూడా ఉంది. అది మీకివ్వను."

"ఇవ్వకండమ్మా. ఆయన్ని నమ్మకండి," అంది తాయారు వెనక నుంచి. అప్పుడు డాక్టరమ్మకి నవ్వాగలేదు.

ఆ ఇరవై రోజులూ భీమశంకరరావు ఇంట్లో కాలు చాపుకుని కూచున్నాడు, ఆస్పత్రికి ఆటోలో వెళ్ళి వచ్చాడు. షాపు మొహం చూడలేదు. ఫోనులో మాత్రం తాయారుని వదల్లేదు. చాంబరులో స్స్స్ మనే చప్పుడుకి అలవాటుపడి నిద్రపోయేవాడు కూడా. వారానికోసారి కట్టు విప్పి కొలిచేవారు. రూపాయి బిళ్ళంత, శనగబద్దంత, మెంతిగింజంత. పదిహేడో రోజున డాక్టరమ్మ భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, తల ఎత్తి, "మూసుకుందండీ," అంది. వీరేంద్ర వచ్చి చెయ్యి కలిపాడు. భీమశంకరరావు ఏదో హాస్యమాడబోయి, డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆవిడ అన్నీ తేల్చి చెప్పి పంపింది. పుండు మానింది గాని స్పర్శ తిరిగి రాదు. కుడికాలితో టైరు తొక్కడం మానాలి. ప్రతి ఉదయం ఎవరో ఒకరు పాదం చూడాలి.

యాభై ఎనిమిదేళ్ళ వయసులో భీమశంకరరావు ఎడమకాలితో తొక్కడం నేర్చుకుంటున్నాడు. రాడ్డు జారుతుంది, టైరు ఎగురుతుంది, లారీ డ్రైవర్లు చప్పట్లు కొడతారు. తాయారు పక్కన నిలబడి ప్యాచీ వంకరగా పడిందని వంకలు పెడుతుంది.

పొద్దున్నే షాపుకి బయల్దేరేముందు అతను గడపలో కూచుని కుడికాలు చాపుతాడు. ఆమె పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో మడమ నుంచి వేళ్ళదాకా మెల్లగా తడుముతుంది. అతను రోడ్డు మీద పోయే లారీల వంక చూస్తుంటాడు.

"నొక్కుతన్నావేటే?"

"నొక్కుతన్నాను బావా. గట్టిగానే."

"నాకు తెలట్లేదే."

"నాకు తెల్తంది గదా," అంటుంది తాయారు.